ఎవరూ చూడని పది నిమిషాలు



విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వీడియో పెట్టాక ఒక తమ్ముడి దగ్గర్నుంచి పెద్ద మెసేజ్ వచ్చింది. వాళ్ళది బొబ్బిలి వైపు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఫ్లాట్‌లో నలుగురు ఉంటారట, అందులో ఒకరు క్రిస్టియన్. మెసేజ్‌లో ముఖ్యమైన ముక్క ఇది:

"అన్నా, వాడు రోజూ పొద్దున్న ఐదున్నరకి లేచి, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుని ఇరవై నిమిషాలు ప్రార్థన చేసుకుంటాడు. పాట లేదు, చప్పుడు లేదు. చేస్తున్నానని ఎవరికీ చెప్పడు కూడా. నేను శనివారం శనివారం గుడికి వెళ్తాను, కార్తీకంలో దీపాలు పెడతాను, సిరిమానుకి ఏటా ఊరెళ్తాను. కానీ నన్నొక్కణ్ణే గదిలో కూర్చోబెట్టి దేవుడితో మాట్లాడమంటే ఏం మాట్లాడాలో తెలీదు. మనకి అలాంటిది లేదా?"

"ఎందుకు లేదు తమ్ముడూ, మనదే అన్నిటికంటే పాతది" అని ఒక్క లైన్‌లో రిప్లై ఇచ్చేయొచ్చు. చాలామంది ఇస్తారు కూడా. కానీ అతని అసలు బాధ మన సంప్రదాయంలో ఉందా లేదా అని కాదు. తన జీవితంలో ఎందుకు లేదు అని. దానికి ఒక్క లైన్ సరిపోదు.

ముందు ఆ స్నేహితుడు చేస్తున్నదేమిటో సరిగ్గా తెలుసుకుందాం. పక్కవాళ్ళ విషయం సగం సగం తెలుసుకుని మాట్లాడే అలవాటు మనందరికీ ఎక్కువైంది.

క్రైస్తవులు దీన్ని ఏకాంత ప్రార్థన అంటారు. ఆదివారం చర్చిలో అందరూ కలిసి చేసేది వేరు. రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే కుటుంబ ప్రార్థన వేరు. ఇది మూడోది, ఒంటరిగా చేసేది. దీనికి ఆధారం మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో, యేసు కొండ మీద చేసిన ప్రసంగంలో ఉంది. సారాంశం నా మాటల్లో చెప్తాను. నలుగురూ చూడాలని వీధి మలుపుల్లో నిలబడి ప్రార్థించేవాళ్ళకి కావాల్సింది నలుగురి మెప్పు. అది వాళ్ళకి అక్కడికక్కడే ముట్టిపోయింది, ఇక దేవుడు ఇవ్వాల్సింది ఏమీ మిగల్లేదు. నువ్వు మాత్రం లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, కంటికి కనబడని తండ్రితో మాట్లాడు. ఇదీ బోధ.

ఆయన చెప్పి ఊరుకోలేదు, చేశాడు కూడా అని సువార్తలు చెప్తాయి. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఒక సంఘటన నాకు బాగా నచ్చుతుంది. ముందురోజు సాయంత్రం ఊరు ఊరంతా రోగుల్ని తీసుకొచ్చి గుమ్మం ముందు పోగైంది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి, ఎవరూ లేని చోటుకి వెళ్ళి ప్రార్థన చేసుకుంటున్నాడు. శిష్యులు వెతుక్కుంటూ వచ్చి, అందరూ మీకోసం చూస్తున్నారండీ అన్నారు. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌లో ఇష్యూలు కుప్పలుగా పడి ఉన్న రోజు. అలాంటి రోజున, పని మొదలవక ముందే ఆ టైమ్ తీసి పక్కన పెట్టాడు. పనయ్యాక మిగిలితే చూద్దాం అనుకోలేదు.

మా ఉత్తరాంధ్రకి ఈ సంప్రదాయం నిన్నా మొన్నా వచ్చింది కాదు. లండన్ మిషనరీలు విశాఖపట్నంలో అడుగుపెట్టింది 1805లో. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి తర్వాత క్రైస్తవుడై, 1890లో చనిపోయేదాకా తెలుగులో కీర్తనలు రాశారు. ఆయన పాటలు తెలుగు చర్చిల్లో ఇప్పటికీ పాడతారు. మతం మారడం మీద మీ అభిప్రాయాలు మీకుంటాయి, నావి నాకున్నాయి. ఈ పోస్ట్ దాని గురించి కాదు. మన పక్కింట్లో, మన ఫ్లాట్‌లో తలుపు వేసుకుని కూర్చున్న మనిషి ఏం చేస్తున్నాడో తెలిస్తే, మన గదిలో మనం ఏం చేయట్లేదో కూడా తెలుస్తుంది. అందుకే ఇదంతా.

ఇంకో మాట. అదే అధ్యాయంలో, అర్థం లేకుండా మాటలు పెంచుకుంటూ పోవద్దని కూడా ఉంది. అది పట్టుకుని కొందరు మన జపాన్ని ఎగతాళి చేస్తారు. చేసినదాన్నే చేయడం ఖాళీ పని అయితే, కతోలికులు పూసలు తిప్పుతూ చేసే ప్రార్థన మాటేమిటి? తెలుగు కతోలికులు దాన్ని ఏమంటారో తెలుసా, జపమాల అంటారు. అక్షరాలా మన మాటే. తూర్పు దేశపు క్రైస్తవ సన్యాసుల్లో యేసు పేరుతో ఒక చిన్న ప్రార్థనని ఊపిరితో కలిపి రోజంతా జపించే పద్ధతి కూడా ఉంది. ఖాళీతనం అనేది మాట ఎన్నిసార్లు అన్నామన్నదాన్ని బట్టి రాదు. అనేవాడు అక్కడ ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి వస్తుంది. ఇది వాళ్ళకీ వర్తిస్తుంది, మనకీ వర్తిస్తుంది.

సరే, మన దగ్గరకి వద్దాం.

భగవద్గీత ఆరో అధ్యాయం తెరవండి. కృష్ణుడు ధ్యానం గురించి చెప్పడం మొదలుపెట్టగానే పెట్టిన షరతులు చూడండి: ఏకాంతమైన చోటు, ఒక్కడే ఉండాలి, ఏదీ ఆశించకూడదు. తర్వాత ఆసనం గురించి చెప్తాడు, మరీ ఎత్తుగా వద్దు, మరీ కిందకీ వద్దు, దర్భ మీద చర్మం, దాని మీద వస్త్రం అని. కుర్చీ సెట్టింగ్ చెప్పినంత వివరంగా. అంతా విన్న అర్జునుడు ఏమన్నాడు? స్వామీ, ఈ మనసుని పట్టుకోవడం గాలిని మూటకట్టడం లాంటిది, నావల్ల అయ్యేలా లేదు అన్న అర్థంలో మొరపెట్టుకున్నాడు. అర్జునుడంటే ఏకాగ్రతకి పెట్టింది పేరు, పక్షి కన్ను తప్ప ఇంకేదీ కనబడనివాడు. అతనికే కష్టమైంది. కాబట్టి తమ్ముడూ, గదిలో కూర్చుంటే ఏమీ రావట్లేదని నువ్వు రాసింది కొత్త కంప్లైంట్ కాదు. దానికి కృష్ణుడి జవాబు కూడా చాలా మామూలుగా ఉంటుంది. కష్టమే, కాదనను, అభ్యాసంతో అవుతుంది. పారిపోయిన ప్రతిసారీ వెనక్కి తెచ్చుకో. అంతే.

ఉపనయనం ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? మండపం నిండా జనం, సన్నాయి, వీడియోగ్రాఫర్, అవతల భోజనాల హడావిడి. కానీ అసలు ఘట్టం రాగానే తండ్రినీ వటువునీ ఒక వస్త్రం కప్పి దాచేస్తారు. ఆ గుడ్డ కింద తండ్రి కొడుకు చెవిలో గాయత్రి చెప్తాడు. వందల మందిని పిలిచి, వాళ్ళందరి మధ్యలో ఒక చిన్న గది కడుతున్నారన్నమాట. తలుపు వేసుకోవడం అంటే అదే. అందరికీ ఉపనయనం ఉండదు, ఆ మాట నాకు తెలుసు. రామనామానికి మాత్రం ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, దాన్ని చెవిలో చెప్పేవాళ్ళు లేకపోయినా పర్లేదు.

ఇంకొకటి గోముఖి. పాత తరం వాళ్ళ ఇళ్ళల్లో చూసే ఉంటారు, ఆవు ముఖం ఆకారంలో కుట్టిన సంచి. జపం చేసేటప్పుడు మాలనీ చేతినీ అందులో పెట్టుకుంటారు. మాల నేల తగలకుండా అని ఒక కారణం చెప్తారు. కానీ పెద్దలు చెప్పే అసలు కారణం వేరే: ఎన్నో పూస దగ్గర ఉన్నావో పక్కవాడికి కనబడకూడదు. నీ లెక్క నీదే. ఇవాళ మన చేతిలో స్మార్ట్‌వాచ్ ఉంది, ఎన్ని అడుగులు వేశామో స్నేహితులందరికీ చూపిస్తుంది. గోముఖి దానికి సరిగ్గా ఎదురు.

జపంలో మూడు రకాలని చెప్తారు కదా. పైకి వినబడేది, పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువు, పెదవి కూడా కదలని మానసం. ధర్మశాస్త్రం దీనికి ఒక లెక్క వేసింది: విధిగా చేసే యజ్ఞం కంటే జపం పది రెట్లు, ఉపాంశువు వంద రెట్లు, మానసం వేయి రెట్లు. ఆ అంకెల్ని పట్టుకుని కూడికలు చేయకండి. గ్రాఫ్ ఎటు వెళ్తోందో చూడండి చాలు. ఎంత తక్కువ మందికి వినబడితే అంత విలువ.

మా జిల్లాల నుంచి దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది, మావాళ్ళలోనే చాలామందికి తెలీదు. కాశీలో పంచగంగా ఘాట్ దగ్గర త్రైలింగ స్వామి సమాధి ఉంది. ఆ పేరులోనే మన తెలుగు నేల ఉంది. ఆయన పుట్టిన ఊరు ఇప్పటి విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని కుమిలి అని చెప్తారు. అసలు పేరు శివరాముడు. తండ్రి పోయాక తల్లి దగ్గరే ఉండి సాధన చేశాడని, తల్లి పోయాక ఆమెను దహనం చేసిన శ్మశానంలోనే దాదాపు ఇరవై ఏళ్ళు ఒంటరిగా ఉండిపోయాడని సంప్రదాయం. ఆ తర్వాతే దేశాటన, సన్యాసం, కాశీ. 1887లో సమాధి అయ్యేనాటికి ఆయన వయసు 280 ఏళ్ళని భక్తులు నమ్ముతారు. ఆ లెక్క కాసేపు పక్కన పెడదాం, దాని మీద వాదించుకుంటే రోజు గడిచిపోతుంది. నన్ను ఆపేది ఆ ఇరవై ఏళ్ళు. రామకృష్ణ పరమహంస కాశీ వెళ్ళినప్పుడు ఈయన్ని చూసి సాక్షాత్తూ విశ్వనాథుడే అన్నారు. అప్పటికి ఈయన మౌనంలో ఉన్నారు. జనం చూసింది కాశీలోని మౌనాన్ని. దాని పునాది ఎక్కడో ఉత్తరాంధ్రలో, ఎవరూ తొంగిచూడని శ్మశానం గట్టు మీద పడింది.

భయపడకండి, ఇరవై ఏళ్ళు ఎవరూ అడగట్లేదు. పది నిమిషాల గురించే మాట్లాడుకుంటున్నాం.

రామకృష్ణులే ఇంకో పోలిక చెప్పేవారు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు చుట్టూ కంచె వేయాలి, లేకపోతే మేకలు మేసేస్తాయి. చెట్టయ్యాక దానికి ఏనుగుని కట్టేసినా ఏమీ కాదు. జీడిమొక్క నాటినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఏకాంతం అంటే ఆ కంచె. మొన్ననే మొలకెత్తిన భక్తిని తీసుకెళ్ళి స్టేటస్‌లో పెడితే మేకల ముందు పెట్టినట్టే. లైక్ వస్తే పొంగుతుంది, రాకపోతే వాడుతుంది. ఆ మర్నాడు దీపం వెలిగించేటప్పుడు మన దృష్టి దీపం మీద ఉంటుందా, కెమెరా యాంగిల్ మీద ఉంటుందా? డివోషనల్ ఛానెల్ నడుపుతూ ఈ మాట అంటున్నావేంటి అని మీరు అడగొచ్చు. అందుకే అంటున్నాను. కెమెరా దేన్ని చూపించగలదో, దేన్ని చూపించలేదో ఈ పని చేసేవాళ్ళకి కాస్త ఎక్కువ తెలుస్తుంది.

అయితే గుడీ, ఉత్సవం, జనం వద్దంటున్నానా? లేదు. సిరిమాను సంగతే తీసుకుందాం. దసరా తర్వాత వచ్చే మంగళవారం. విజయనగరం వీధుల్లో ఇసకేస్తే రాలనంత జనం. మూడు లాంతర్ల నుంచి కోట దాకా, ఆ పొడవాటి మాను చివర పూజారి కూర్చుని గాల్లో తేలుతూ వస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ మాను ఎక్కడిది? ఏ ఊళ్ళో, ఎవరి తోటలో ఉన్న చింతచెట్టు సిరిమాను కావాలో అమ్మవారు పూజారికి కలలో కనబడి చెప్తుందని నమ్మకం. అప్పుడు వెళ్ళి వెతుకుతారు. లక్షల మంది పండగ, ఒక్క మనిషి నిద్రలో, ఎవరూ చూడని చోట మొదలవుతోంది. ఆ కల లేకపోతే మాను లేదు, మాను లేకపోతే ఉత్సవం లేదు.

తిరుమలలో కూడా రోజులో ఆఖరి సేవ పేరు ఏకాంత సేవ. అన్ని వేల మందికి దర్శనమిచ్చిన స్వామికి కూడా తలుపులు మూసే వేళ ఒకటి పెట్టారు పెద్దలు.

2020 గుర్తుందా? మార్చిలో గుళ్ళు మూసేశారు. ఆ సెప్టెంబర్‌లో తిరుమల బ్రహ్మోత్సవాలు కూడా జనం లేకుండా ఏకాంతంగానే చేశారు. అప్పుడు మనలో చాలామందికి ఒక విషయం బయటపడింది. గుడి తలుపు మూస్తే మన భక్తి కూడా మూతపడిపోయింది. లైవ్ పెట్టుకుని చూశాం, బాగానే ఉంది, కానీ అది చూడటం. మన అంతట మనం చేసేది ఏమీ లేకుండా పోయింది. సర్వర్ డౌన్ అయితే లోకల్ కాపీ ఉందా అని అడుగుతాం కదా, అలా.

గుంపులో వచ్చే భక్తి అబద్ధం అని నేను అనను. కానీ దానిలో కొంత అరువు ఉంటుంది. పక్కవాడు గోవిందా అంటే మన గొంతు దానంతటదే లేస్తుంది. మంచిదే. ఎవరూ అనని చోట మన గొంతు లేస్తుందా లేదా అనేది వేరే ప్రశ్న, దానికి జవాబు ఒంటరిగా ఉన్నప్పుడే తెలుస్తుంది.

2018 అక్టోబర్ 11. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం అంటే ఉద్యానవనం, కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల. ఒక్క రాత్రిలో లక్షల చెట్లు నేలకొరిగాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది కాబట్టి, ఆ రాత్రి పోయింది ఒక పంట కాదు, ఒక తరం సంపాదన. మా అమ్మమ్మ అప్పుడు అక్కడే ఉంది. కరెంటు లేదు, ఫోన్ లేదు, ఊళ్ళో అమ్మవారి గుడి దాకా వెళ్ళే దారి లేదు. పెంకులు ఎగిరిపోతుంటే వంటింటి మూలన గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడకి చదువు రాదు, మంత్రం రాదు. తర్వాత ఎప్పుడో, ఆ రాత్రి దేవుణ్ణి ఏం అడిగావు అమ్మమ్మా అన్నాను.

"అడగడానికేటుంది బాబూ. ఉన్నావా అన్నాను. అంతే."

మరి జవాబు వచ్చిందా అన్నాను.

"సెట్లన్నీ ఎల్లిపోనాయి కదా" అంది. కాసేపాగి, "నాను కూకున్నాను కదా మరి" అంది.

ఆ రెండో మాటకి అర్థం నాకు ఇప్పటికీ పూర్తిగా తెలుసని చెప్పను. చెట్లు పోయినా నేను మిగిలాను అనా, లేక తెల్లారేదాకా ఆయనతో పాటు కూర్చున్నాను అనా? రెండూ కావచ్చు.

ఏకాంతంలో మాత్రమే అడగగలిగే ప్రశ్న అది. ఉన్నావా? గుళ్ళో పదిమంది ముందు అలా అడగం, బాగోదు. గజేంద్రుణ్ణి చూడండి. పోతన భాగవతం ఎనిమిదో స్కంధం. మొసలి కాలు పట్టుకుంది, ఏళ్ళ తరబడి పోరాటం, ఒంట్లో బలం అయిపోయింది, చుట్టూ ఉన్న మంద ఏమీ చేయలేకపోయింది. నీళ్ళలో ఒక్కడే. అప్పుడు ప్రార్థన మొదలవుతుంది. ఆ ప్రార్థన మధ్యలో, అందరూ ఉన్నాడంటున్న ఆ దేవుడు నిజంగా ఉన్నాడా అన్న అనుమానం కూడా బయటికి వచ్చేస్తుంది. ఆ పద్యం తెలుగువాడెవడికీ కొత్త కాదు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ అనుమానం వచ్చినందుకు విష్ణువు ఆగిపోలేదు. పరిగెత్తుకొచ్చాడు. లక్ష్మీదేవికి చెప్పకుండా, చేతిలో ఆమె కొంగు వదలకుండా వచ్చాడు.

గోల్కొండ ఖైదులో రామదాసు ఇంకో అడుగు ముందుకి వేశాడు. నగలు చేయించినవాణ్ణి నేను, పెట్టుకున్నవాడివి నువ్వు, దెబ్బలు నాకా అని రాముణ్ణి నిలదీశాడు, తర్వాత బాధపడి తమాయించుకున్నాడు. మనం ఆ పాటల్ని భద్రాచలం కల్యాణం రోజున భక్తిగా పాడుకుంటాం. కానీ అవి పుట్టిన చోటు చీకటి గది. అక్కడ వినేవాడు రాముడొక్కడే అనుకున్నాడు కాబట్టే అంత నిజం మాట్లాడగలిగాడు.

క్రైస్తవుల దగ్గర దీనికి సాటి వచ్చే ఘట్టం గెత్సేమనే తోట. పట్టుబడే ముందు రాత్రి యేసు అక్కడ ఒంటరిగా ప్రార్థించాడు. ముగ్గురు శిష్యుల్ని మెలకువగా ఉండమంటే వాళ్ళు నిద్రపోయారు. రాబోయే బాధ తప్పించమని అడిగాడు, ఆ వెంటనే నీ ఇష్టమే కానివ్వు అన్నాడు. బాధ తప్పలేదు. ఆ స్నేహితుడు రోజూ పొద్దున్నే చదివే పుస్తకం ఈ సంగతిని దాచిపెట్టలేదు. ప్రార్థన చేస్తే ప్యాకేజ్ పెరుగుతుంది, వీసా వస్తుంది అని ఎవరైనా చెప్తే, వాళ్ళు ఏ మతం వాళ్ళైనా, వాళ్ళ గ్రంథాలే వాళ్ళని ఒప్పుకోవు.

ఇది మనం గట్టిగా మాట్లాడుకోవాల్సిన చోటు. మన యువతలో ప్రార్థన అంటే ఎక్కువగా మొక్కు అయిపోయింది. ఇంటర్వ్యూ ముందు రోజు గుర్తొస్తుంది, ఆఫర్ లెటర్ రాగానే కొబ్బరికాయ కొట్టేసి టికెట్ క్లోజ్ చేస్తాం. మొక్కు తప్పని నేను చెప్పను, మా ఊళ్ళన్నీ మొక్కుల మీదే నడుస్తాయి. పిల్లవాడు తండ్రిని డబ్బులు అడగడం తప్పు కాదు. కానీ డబ్బు కావాల్సినప్పుడు మాత్రమే ఫోన్ చేసే కొడుకుతో ఆ తండ్రికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఏళ్ళుగా డయాలసిస్‌కి తిరుగుతున్న కుటుంబాలున్నాయి. వాళ్ళ మొక్కులన్నీ తీరలేదు. అయినా రోజూ పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టుకునేవాళ్ళు ఆ ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. అది లావాదేవీ అయితే ఎప్పుడో ఆగిపోయి ఉండాలి కదా. ఏదో ఇంకోటి నడుస్తోంది అక్కడ.

ఇప్పుడు తమ్ముడు అడిగిన ప్రాక్టికల్ విషయం. ఏం మాట్లాడాలి?

మొదటి పది రోజులు ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు. ఫోన్ ఇంకో గదిలో పెట్టి కూర్చో. సైలెంట్‌లో పెట్టి ఒళ్ళో పెట్టుకోవడం కాదు, ఇంకో గదిలో. నీకు చిన్నప్పుడు ఇంట్లో ఏ పేరు అలవాటైతే ఆ పేరు పట్టుకో, రాముడో, శివుడో, పైడితల్లో. కొత్తగా యూట్యూబ్‌లో దొరికిన బీజమంత్రాలు వద్దు, మా ఛానెల్‌లో దొరికినవైనా సరే. మనసు ఆఫీసుకి పోతుంది, పోనివ్వు, తెలిసినప్పుడు వెనక్కి తీసుకురా. ఆఫీసులో మేనేజర్ అన్న మాట గుర్తొచ్చి కోపమొస్తే ఆ కోపాన్నే చెప్పు. అమ్మకి ఒంట్లో బాలేదంటే భయమేస్తోందని చెప్పు. తెలుగులో చెప్పు, మీ ఊరి యాసలో చెప్పు. దేవుడి దగ్గర గ్రాంథికం అక్కర్లేదు.

ఫ్లాట్‌లో పూజగది లేదని, దీపం పెడితే ఓనర్ ఒప్పుకోడని చాలామంది రాస్తుంటారు. దానికి మానసపూజ ఉంది. రత్నాల సింహాసనం దగ్గర్నుంచి తాంబూలం దాకా అన్నీ మనసులోనే సమర్పించే స్తోత్రం శంకరాచార్యుల పేరు మీద ఉంది, శివమానసపూజ అని. అరవైముగ్గురు నాయనార్లలో పూసలార్ కథ కూడా విని ఉంటారు. గుడి కట్టాలని ఆశ, చేతిలో పైసా లేదు. ఒక చోట కూర్చుని మనసులోనే పునాది తీసి, రాయి మీద రాయి పేర్చి, శిఖరం ఎత్తి, కుంభాభిషేకానికి ముహూర్తం కూడా పెట్టుకున్నాడు. అదే రోజున కంచిలో పల్లవ రాజు కట్టించిన పెద్ద గుడికి కుంభాభిషేకం. శివుడు రాజు కలలో కనబడి, ఆ రోజు నాకు కుదరదు, పూసలార్ గుడికి వెళ్ళాలి, నీ ముహూర్తం మార్చుకో అన్నాడు. రాజు ఆ గుడి చూద్దామని ఊరంతా వెతికితే అక్కడ గుడి ఎక్కడుంది? ఒక బక్కపల్చటి భక్తుడు కూర్చుని ఉన్నాడు. ఈ కథలో నాకు ముచ్చటేసేది పూసలార్ తొందరపడకపోవడం. మనసులో కట్టేదే కదా, ఒక్క క్షణంలో కట్టేయొచ్చు. అలా చేయలేదు, నిజం గుడికి పట్టినట్టే రోజుల తరబడి కట్టాడు.

విసుగు వస్తుంది. ముందే చెప్తున్నాను. మూడో వారంలో వస్తుంది, నాలుగో వారంలో ఇంకా ఎక్కువ వస్తుంది. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న రోజుల్లో ఘంటసాల ఇంటింటికీ వెళ్ళి మధుకరం ఎత్తుకుని తింటూ సాధన చేశారని అందరికీ తెలుసు. మనం విన్నది ఆయన పాటల్ని. ఆ పాటల వెనక ఎన్ని తెల్లవారుజాముల సరళీస్వరాలున్నాయో ఎవరూ వినలేదు. ఆ తెల్లవారుజాముల్లో ప్రతి రోజూ ఆనందంగా ఉండి ఉంటుందని నేను అనుకోను. చాలా రోజులు గొంతు పలికి ఉండదు. అయినా కూర్చున్నారు.

అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబర్‌లోనూ, ఉదయం సూర్యకిరణాలు గాలిగోపురం దాటి లోపలికి వచ్చి స్వామి పాదాల్ని తాకుతాయి. కొద్ది నిమిషాలే. దానికోసం వేల మంది వస్తారు, ఒక్కోసారి మబ్బు పట్టి కనబడక తిరిగి వెళ్ళిపోతారు. చూడాల్సిన దృశ్యమే, నేను కాదనను. కానీ మిగతా రోజులన్నీ కూడా అర్చకులు తెల్లవారకముందే తలుపులు తీసి ఆ స్వామికే సుప్రభాతం పాడుతున్నారు, ఏ కిరణమూ లోపలికి రాని రోజుల్లో కూడా.

తమ్ముడూ, చివరిగా నీ ఫ్లాట్ సంగతి. ఆ బాల్కనీ ఐదున్నర నుంచి ఐదూ యాభై దాకా మీ ఫ్రెండ్‌ది అన్నావు. ఆరింటికి నీకు ఇమ్మని అడుగు. ఎందుకు అని వివరాలు చెప్పక్కర్లేదు, అతనికి అర్థమవుతుంది. అతను లోపలికి వచ్చేటప్పుడు నువ్వు బయటికి వెళ్తావు, ఎదురుపడితే ఒక గుడ్ మార్నింగ్. తూర్పు వైపు బాల్కనీ అయితే సూర్యుడు కూడా కనబడతాడు, ఒక చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళు. కింద ఫ్లాట్ వాళ్ళ బట్టల మీద పడకుండా మొక్క కుండీలో పోయి.

ఎలా జరుగుతోందో నాకు మాత్రం రాయకు.